మూడో నంబరు కాక

మా పక్క క్వార్టర్ కాక ప్రతి ఆదివారం తన తలుపు మీద సుద్దముక్కతో బొగ్గుబాయిల బాక్సర్లకు నంబర్లు వేసేవాడు. అదీ తను ఆడిన బ్యాంటమ్ వెయిట్‌లోనే. ఒకటి గోలేటి ఆయన, రెండు కొత్తగూడెం ఆయన, మూడు తను. ఆట మానేసి ఏళ్లయినా ఆ వరుస మారలేదు.

"తలుపు నీదే కదా కాకా, నీ పేరే పైన రాసుకోరాదు?" అన్నానొకసారి.

"ఆ ఇద్దరు నన్ను కొట్టిండ్రు. అబద్ధం ఎట్ల రాస్త?"

మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే తన ఉద్యోగం కొడుక్కి వస్తుందని కాక వారం రోజులు దగ్గడం, కుంటడం నేర్చుకున్నాడు. బోర్డుకు తోడు వెళ్లిన నేను గుమ్మంలో నిలబడ్డాను. కంటిరెప్ప ఎత్తి చూద్దామని డాక్టరు చెయ్యి చాచాడు. కాక తల చటుక్కున పక్కకు తప్పుకుంది. రెండు పిడికిళ్లూ మొహం ముందుకు లేచాయి. ఆ చేతుల మీద నాకిప్పటికీ కోపమే. డాక్టరు నవ్వి, ఫిట్ అని రాశాడు.

ఇంటికొచ్చి కాక తలుపు ముందు నిలబడ్డాడు. తన పేరుకు పైనున్న ఇద్దరూ నిరుడే అన్‌ఫిట్ అయ్యారు. వాళ్ల కొడుకులు డ్యూటీ ఎక్కారు.

"మల్ల వీళ్లే గెల్చిండ్రు రా," అన్నాడు. చెరిగిపోతున్న మూడో నంబరును సుద్దతో దిద్ది, రెండో షిఫ్టుకు బయలుదేరాడు.