చిన్నాయన జీపులో ఉల్టా ముల్లు

మా చిన్నాయన పోయాడు. నిజామాబాద్ దవాఖాన నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కుప్పల మధ్య ఉన్నాను. వేలం కేకల్లో సరిగా వినపడక, చిన్నమ్మతో ఆ మాట రెండుసార్లు చెప్పించాను.

సీజన్ వస్తే చిన్నాయన పాత జీపుకు ట్రాలీ తగిలించి ఆలూర్, జక్రాన్‌పల్లి రైతుల పసుపు మోసేవాడు. లైట్లు చాలడం లేదని ఒక ఏడాది పెద్ద ఆల్టర్నేటర్ వేయించాడు. అంత కరెంటుకు పాత తీగలు కాలిపోతాయని, డ్యాష్‌బోర్డులోని ఆంపియర్ మీటరుకు లావు తీగలు తనే బిగించాడు. తీరా చూస్తే అంతా ఉల్టా. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతుంటే ముల్లు మైనస్‌కు పోతుంది, దిగిపోతుంటే ప్లస్‌కు వస్తుంది. కొసలు మారుద్దామంటే, పొదుపుకు పోయి తీగల్ని పొట్టిగా కోశాడు. అందవు.

"గట్లనే సదువుకుందాం తీయ్. మన బండి మనకు తెల్వదా?" అన్నాడు.

మీ బండ్లలో ఎలాగో గానీ, అప్పటి నుంచి మా ఇంట్లో మైనసే మంచిది. నేను పరీక్ష పాసైతే "మస్తు మైనస్‌ల ఉన్నవ్‌రా!" అని వీపు చరిచాడు. చిన్నమ్మతో గొడవైన పొద్దు, "ఇయ్యాల మీ చిన్నమ్మ ఫుల్ ప్లస్, దగ్గరికి పోకు" అనేవాడు. నాకు బండి నేర్పింది ఆయనే. ఈ రోజు నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ చలవే.

దవాఖానలో చివరిసారి "ఎట్లున్నది చిన్నాయనా?" అని అడిగాను.

"ప్లస్‌కొచ్చింది బిడ్డా," అన్నాడు నవ్వుతూ.

నర్సు సంతోషపడింది. చిన్నమ్మ కిటికీ వైపు తిరిగింది.

అస్థికలు ఆయన జీపులోనే గోదావరికి తీసుకుపోవాలని చిన్నమ్మ పట్టుబట్టింది. ఆయన మంచాన పడ్డాక దాన్ని ఎవరూ కదపలేదు. కుండ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. తాళం తిప్పాను. ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. హెడ్‌లైట్లు వేసి చూస్తే ఎర్రగా, గుడ్డిగా వెలిగాయి. సాగనంపడానికి వచ్చిన పక్కింటాయన లోపలికి తొంగిచూశాడు.

"ముల్లు ప్లస్‌ల ఉన్నది గద తమ్మీ, బ్యాటరీ మంచిగనే ఉన్నట్టుంది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టు."

"వద్దు బిడ్డా, బంద్ చెయ్యి," అంది చిన్నమ్మ. "ఉన్నది గూడ పోతది."

లైట్లు ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు. ప్లస్ వైపు వంగిన ముల్లు మెల్లగా వెనక్కి జరుగుతూ వచ్చి, సున్నా మీద ఆగిపోయింది.