ఫర్నేసు దాహం

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసేవాళ్లు నీళ్లు తెగ తాగడం వింతేమీ కాదు. మా నాన్న ఆ ఫర్నేసు మనిషే. డ్యూటీ నుంచి వచ్చి బూట్లైనా విప్పకుండా చెంబు ఎత్తేవాడు. రాత్రి మంచం పక్కన బిందె ఉండాల్సిందే, తెల్లారేసరికి అది ఖాళీ. తాగడానికీ, ఒంటేలుకి పెరట్లోకి తిరగడానికీ ఆయన నిద్రంతా సరిపోయేది. “ఫర్నేసోడికి దాహం ఎయ్యక ఇంకెవుడికేస్తాది!” అని పక్క క్వార్టరు బాబాయి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

చెమటతో పోయిన ఉప్పు మళ్లీ రావాలని ఎండాకాలం ఫర్నేసు వాళ్లకి ఉప్పు బిళ్లలు ఇచ్చేవారు. మా అమ్మ ఆ వైద్యాన్ని ఇంట్లోకి తెచ్చేసింది. మజ్జిగలో ఉప్పు, గంజిలో ఉప్పు. ఆయన ఇంకా తాగేవాడు, ఆవిడ ఇంకాస్త వేసేది. ప్రేమ విషయంలో అమ్మకి చెంచా కొలతలు తెలీవు.

ఎనభైల్లో మోకాలి నొప్పని నాన్నని స్టోర్సులోకి మార్చారు. అది చలికాలం. వేడీ లేదు, చెమటా లేదు, దాహం మాత్రం తగ్గలేదు. మోకాలు చూపించుకోడానికి వెళ్లి, డాక్టరు ఎదుట కూర్చునే మళ్లీ మళ్లీ నీళ్లు అడిగాడట.

“ఠండ్ మే భీ ఇత్నా పీతే హో?” అన్నాడు డాక్టరు, పెన్ను కింద పెట్టి.

చలిలో కూడా ఇంత తాగుతావా అన్న ఆ చిన్న ప్రశ్న అన్నేళ్లూ మాలో ఒక్కరికీ తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

షుగరు లేదన్నారు. తల ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. లోపల గడ్డ ఉందేమో, బొంబాయి వెళ్లి స్కాన్ తీయించమన్నారు. గడ్డ అన్న మాట విన్నాక రైల్లో దారంతా అమ్మ నాన్న చెంబు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

అక్కడి డాక్టరు ఫిల్మును వెలుగుకి పెట్టి చూపించాడు. మెదడు కింద చిన్న గ్రంథి, దాన్ని మెదడుకి కలిపే సన్నని కాడ. ఒంట్లో నీళ్లు నిలవడానికి కావలసిన రసం ఆ కాడలోంచే దిగాలట. నాన్నకి ఆ కాడే వాచి లావెక్కి రసం దిగడం లేదు, తాగిన నీళ్లు ఒంట్లో నిలవడం లేదు. కేన్సరులా కనపడటం లేదు, వాపుకి మందులు వాడదాం, దాహానికి ఆ రసం బదులు ముక్కులో చుక్కలు వెయ్యండి అన్నాడు. అమ్మ భయపడుతూనే ఉప్పు సంగతి అడిగింది. దానివల్ల రోగం రాలేదమ్మా, దాహమే పెరిగింది అన్నాడాయన మెత్తగా.

“నానే ఎండగట్టేసినాను ఈ మనిషిని,” అని అమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూలబడిపోయింది.

“మజ్జిగ బాగుండేదిలేవే,” అన్నాడు నాన్న.

చుక్కల మందు దొరకడానికి కొన్నాళ్లు పట్టింది. అది మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్నే అమ్మ కేకకి ఇల్లంతా లేచాం. బిందె పెట్టింది పెట్టినట్టే నిండుగా ఉంది. ఆ బిందె అలా తెల్లారడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. మనిషి పోయాడనుకుంది. నాన్న భుజాలు రెండూ పట్టుకుని కుదిపేస్తోంది.

నాన్న ఒక కన్ను తెరిచాడు. “ఏటే, ఏటైంది? సానాళ్లకి నిద్దరట్టింది, పడుకోనీ,” అని అటు తిరిగిపోయాడు.

అమ్మ మంచం పట్టె మీద కూర్చుని, నిండు బిందెను చూస్తూ ఏడ్చింది.