చెంగుకు అంటుకున్న వీరుడు

మా మనవరాలు ఆ పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఇంటికి తెచ్చింది. బాపట్లలో బొమ్మలు నేర్పే మాస్టారిదట. ఆయన ఎవరికీ ఇవ్వని పుస్తకమట. దీని చేతి పనితనం మెచ్చుకుని పదిహేను రోజులకు ఇచ్చారట. కూరగాయల సంచి మొయ్యమంటే భుజం నొప్పి అనే పిల్ల, పీటంత పుస్తకాన్ని బాపట్ల నుంచి తెనాలి దాకా ప్యాసింజరు బండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. భుజానికి ఏమీ కాలేదు.

"నాయనమ్మా, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఒక్క మరక పడినా మాస్టారు నన్ను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు," అంది.

ఎవరూ అంటే నేనే. దాని అమ్మా నాన్నా పొద్దున ఉద్యోగాలకు వెళితే సాయంత్రంగానీ రారు.

ఇంటరు అయ్యాక బొమ్మల కాలేజీలో చేరతానంటుంది. దానికో పరీక్ష ఉందట, ఆ పరీక్షకు ఈ మాస్టారే దిక్కట. ఆయన కోపిష్టి అనీ, మనసు విరిగితే రేపటి నుంచి రావద్దంటారనీ నాకు ముందే చెప్పింది. కాబట్టి ఆ పుస్తకం క్షేమంగా తిరిగి వెళ్ళకపోతే పిల్ల చదువు ఆగిపోతుందని నాకు తెలియదనడానికి లేదు. తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు కడిగి, చెయ్యి తుడుచుకుని, దుమ్ము దులుపుదామని పుస్తకం తీశాను. నిన్న వచ్చిన పుస్తకానికి దుమ్మేంటని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

నేను చీరాలలో మగ్గాల ఇంట పుట్టినదాన్ని. మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పలక పక్కన పెట్టించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. ఇది ఇంగ్లీషు. అయినా అందులో చదవడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్పట. ఒకే వీరుడి కామిక్స్ కథలకు పాతికమంది వేసిన బొమ్మల్లోంచి మంచివి ఏరి, పెద్ద పెద్ద పేజీల మీద అచ్చువేశారు. ఒకాయన వేస్తే వీరుడి దవడ ఇటుకలా ఉంటుంది. ఇంకొకాయన వేస్తే మామిడి టెంకలా ఉంటుంది. ఈ పెద్దమనిషి ఆధార్ కార్డుకు వెళితే ఏ ముఖంతో వెళ్తాడో నాకు అర్థం కాలేదు.

ఇక బట్టలు. ఒంటికి అతుక్కుపోయిన చొక్కా, లాగు. ఎక్కడా కుట్టు లేదు, జేబు లేదు. ఊరంతటినీ కాపాడే మనిషిని వస్తూ వస్తూ కొత్తిమీర కట్ట తెమ్మంటే చిల్లర ఎక్కడ పెట్టుకుంటాడు? వీపున మాత్రం ఐదు గజాల దుప్పటి. దాన్ని చలికి కప్పుకోడు, నేల మీద పరుచుకోడు, వెనకాల గాలికి వదిలేస్తాడు. ఆ గుడ్డతో ఇద్దరు ఆడపిల్లలకు పరికిణీలు కుట్టొచ్చు. ఒక కథలో చిరిగిపోతుంది, తర్వాతి కథలో కొత్తది ఉంటుంది. మాసిక వేసే మనిషి మాత్రం ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

ఇలా తప్పులు పట్టుకుంటూ నాలుగు మధ్యాహ్నాలు చూశాను. తప్పు పట్టాలంటే చూడాలి కదా.

ఐదో రోజు ఒక సంగతి కనిపెట్టాను. నల్ల సిరా గీతల వెనక చెరపని పెన్సిలు గీతలు ఉన్నాయి. కొన్నిచోట్ల తప్పును తెల్లరంగుతో కప్పారు. కొన్నిచోట్ల చిన్న కాగితం ముక్క అతికించి ఉంది. సాయంత్రం యథాలాపంగా అడిగినట్టు అడిగితే మనవరాలు చెప్పింది. ఇది బొమ్మల కోసమే తీసిన సంకలనమట, గీసినాయన బల్ల మీద కాగితం ఎలా ఉందో అలాగే అచ్చువేస్తారట, మామూలు పుస్తకాల్లో ఇవేవీ కనబడవట.

మా పుట్టింటికి చీరలు కొనడానికి వచ్చినవాళ్ళలో బాగా తెలిసినవాళ్ళు ముందు వైపు చూసి మురిసిపోయేవాళ్ళు కాదు. తిరగేసి చూసేవాళ్ళు. పోగు ఎక్కడ తెగింది, ముడి ఎంత నాజూకుగా వేశారు, అంతా వెనక వైపే తెలుస్తుంది. ఈ పుస్తకం మొత్తం వెనక వైపే. అప్పటి నుంచి దుమ్ము కాస్త ఎక్కువసేపు దులపాల్సి వచ్చింది.

అందులో ఒక బొమ్మ రెండు పేజీల మీద పరుచుకుని ఉంది. అక్కడ వీరుడు ఎవరినీ కొట్టడం లేదు. వానలో ఒక మేడ పిట్టగోడ మీద కూర్చున్నాడు. దుప్పటి తడిసి ముద్దయి, గోడ వెంట జారి వేలాడుతోంది. తడి బట్ట బరువు తెలిసినవాడు గీసిన గీత అది. ఎడమ చేతి దగ్గర కాగితం అతుకు ఉంది. చెయ్యి కుదరకపోతే మొత్తం కాగితం పారెయ్యకుండా, చేతి వరకు మళ్ళీ వేసి అతికించుకున్నాడు. ఎవరో గానీ సంసారం చెయ్యడం తెలిసినవాడు అనుకున్నాను. రోజూ ఆ బొమ్మ దగ్గరే నా మధ్యాహ్నం గడిచేది.

ఇంతలో రేపల్లెలో మా చెల్లెలి మనవడికి బారసాల వచ్చింది. ముందురోజు నేత చీరకు గంజి పెట్టాను. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంది, కరెంటు ఉంది. నా చీర కోసం ఆ రెండింటినీ కలపడం నాకు చేతకాదు. మా పుట్టింట్లో అయితే గంజి పెట్టిన చీర కాస్త తడిగా ఉండగానే మడతపెట్టి, చెంగును మగ్గానికి వాడే నున్నటి అట్టల మధ్య ఉంచి, పైన బరువు పెట్టేవాళ్ళం. ఇక్కడ ఆ అట్టలు లేవు. నున్నగా, బరువుగా ఉన్న వస్తువు ఇంట్లో ఒక్కటే ఉంది. మనవరాలు చదువుకోవడానికి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, రాత్రికి అక్కడే ఉంటుంది. ఒక్క రాత్రే కదా అని పుస్తకం తెరిచి, చెంగు లోపల పరిచి, మూసి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను.

పొద్దున చెంగు లాగితే టేపు ఊడదీసిన చప్పుడు వచ్చింది. ఆ నున్నటి కాగితానికి పైన పల్చటి పూత ఉంటుందనీ, అది గంజికి పట్టేసుకుంటుందనీ నాకు మూడో తరగతిలో చెప్పలేదు. పేజీ మీద పిట్టగోడ మిగిలింది, వాన మిగిలింది. మనిషి మాత్రం తెల్లటి పొరగా ఊడొచ్చి, నా చెంగుకు బోర్లా పడుకున్నాడు. ఊళ్ళు కాపాడినవాడు గంజికి లొంగిపోయాడు.

బండి వేళయింది. పుస్తకం మూసి బీరువాలో పెట్టి అదే చీర కట్టుకున్నాను, గంజి పెట్టింది అదొక్కటే మరి. అంటుకున్న కాగితం కనబడకుండా చెంగు నడుములో దోపుకున్నాను. రేపల్లెలో బిడ్డను ఎత్తుకోబోతే అది కాస్తా బయటపడింది.

"ఏంటక్కా, చెంగుకు ఆ కాగితం ఏంటి?" అంది మా చెల్లెలు.

లేబులు అన్నాను.

"జానెడు లేబులా? చీరకా, సిమెంటు బస్తాకా?" అంది.

వాళ్ళు పెట్టిన పూర్ణాలు ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు బండిలో కూర్చుని, మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందా అని లెక్క వేశాను. ఆదివారం పిల్ల పుస్తకం తీసుకెళ్ళి ఇస్తుంది. మాస్టారు విప్పుతారు. దోషం దాని మీద పడుతుంది. మా నాన్న నేసిన బట్టలో లోపం పడితే, ఆ లోపం పైకి కనబడేలా మడతపెట్టి షావుకారు దగ్గరికి తనే తీసుకెళ్ళేవాడు. ఆయన విప్పి కనిపెట్టేదాకా ఆగితే అది దొంగతనం అనేవాడు.

ఇంటికి రాగానే పుస్తకం తీసి మనవరాలి ముందు పెట్టాను. అది ఏడవలేదు. ఏడిస్తే నాకు సుఖంగా ఉండేది. పేజీ వైపు చూసి, "ఇన్ని పేజీలుండగా ఇక్కడే ఎందుకు పెట్టావు?" అంది.

"నేనేం వెతికి పెట్టలేదు. పుస్తకం దానంతటది అక్కడే తెరుచుకుంది."

మాట నోట్లోంచి వచ్చాక గానీ అందులో ఏముందో నాకు తెలియలేదు. రోజూ తెరిచిన చోటే పుస్తకం తెరుచుకుంటుంది. అది నా ముఖంలోకి చూసింది. నేను లేచి వెళ్ళి పొయ్యి మీద పప్పు పడేశాను.

ఆదివారం ఇద్దరం బాపట్ల వెళ్ళాం. మాస్టారి ముందు చిరిగిన పేజీ తెరిచి పెట్టి, పక్కన నా చీరను లోపం పైకి వచ్చేలా మడిచి పెట్టాను.

"పిల్ల తప్పేం లేదండి. పని నాది. వద్దనాలంటే నన్ను అనండి, నేనే బొమ్మలు నేర్చుకోవడం మానేస్తాను," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఈ పుస్తకం ఇప్పుడు ఎక్కడా దొరకదని మాత్రం అన్నారు. పేజీ మీద వేలితో తడుముతూ, ఎడమ చెయ్యి గోడను గట్టిగా పట్టుకుని ఉండేది కదూ అని తనలో తనే గొణుక్కున్నారు.

"లేదండి. పట్టుకోలేదు. ఊరికే ఆనించాడు. చూపుడువేలి కింద ఒక చుక్క, జారబోతూ ఉంటుంది," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత మనవరాలి ముందు ఒక పెద్ద కాగితం పెట్టి, మీ నాయనమ్మ చెప్పింది వెయ్యమన్నారు.

మొదటిసారి అది వేసిన దుప్పటి గాలికి ఎగిరింది. తడిసిన బట్ట ఎగరదని చెప్పాను. రెండోసారి రేకులా నిలబడింది. చెబితే అర్థమయ్యేలా లేదని, నా చీర చెంగును వాళ్ళ బకెట్లో ముంచి, వరండా పిట్టగోడ మీంచి వేలాడదీశాను. అంటుకున్న కాగితం పొర కూడా నాని ఊడిపోయింది, ఒక ఉతుకు కలిసొచ్చింది. దాన్ని చూసుకుంటూ పిల్ల మధ్యాహ్నం దాకా వేసింది. ఎండ వేడికి చెంగు ఆరిపోతుంటే నేను నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. మడతలు కుదిరాయి. చెయ్యి కుదరలేదు. విసుగొచ్చి కాగితం నలపబోయింది.

దాని మణికట్టు పట్టుకున్నాను. "చేతి వరకే మళ్ళీ వేసి అతికించు. ఆయన అదే చేశాడు."

అతికించింది. మాస్టారు ఆ కాగితాన్ని కొలతకు కత్తిరించి, చిరిగిన పేజీల మధ్య పెట్టి పుస్తకం మూశారు. వచ్చే ఆదివారం పెన్సిళ్ళు మొద్దుగా ఉన్నవి తేవొద్దని దానితో అన్నారు. అది తల వంచుకుని పెన్సిళ్ళన్నీ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

నా వైపు తిరిగి, పుస్తకం మాత్రం ఇక ఈ గది దాటదండి, చూడాలంటే మీరే రావాలి అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు నేనూ బండెక్కుతున్నాను. పిల్లను ఒంటరిగా ఎలా పంపుతామని కోడలితో చెప్పాను. ఇన్నాళ్ళూ ఒంటరిగానే వెళ్ళింది కదా అత్తయ్యా అంటే చెప్పులు వేసుకున్నాను. మాస్టారు పుస్తకం ఇచ్చే ముందు నా రెండు అరచేతులూ తిప్పి చూపించమంటారు. తడి ఉందేమోనని. తర్వాత చెంగు దూరంగా దోపుకోమంటారు. నా వయసుకు ఈ మర్యాద ఏంటో. చూపిస్తాను, దోపుకుంటాను, కూర్చుంటాను. ఆదివారాలు గంజి పెట్టని చీరే కడుతున్నాను.