ఆడవాళ్ళ వైపు స్పీకరు

మా ఆవిడ ఆఖరి రోజున ఇద్దరం ఇడ్లీ తిని చర్చికి వెళ్ళొచ్చాం. మధ్యాహ్నం పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అప్పటికి మా నూజివీడు తోటల్లో మామిడి కోతలు సగమే అయ్యాయి.

ఆ తర్వాత ఈ రోజే మొదటిసారి చర్చి బ్యాండు ప్రాక్టీసుకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా అక్కడ మంద్రస్వరాలు పలికే బాస్ గిటార్ వాయిస్తున్నాను. చర్చిలో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు; బ్యాండు మగవాళ్ళ వైపు ఉంటుంది కాబట్టి నా స్పీకరూ అటే. "మీరు వాయించేది మా వైపు వినపడదండీ" అని మా ఆవిడ అంటే, "బాస్ వినాలంటే చెవి ఉండాలి" అనేవాణ్ణి.

చర్చిలో మా ఆవిడ పక్కనే కూర్చునే సుగుణ, రేపటి ఆరాధనకు చాపలు పరుస్తూ, ఈ రోజు నన్ను ఆపింది.

"అన్నయ్యగారూ, ఆ స్పీకరు డబ్బా ఒక్క ఆదివారం మా ఆడవాళ్ళ వైపు పెట్టించమని వదిన మీ డ్రమ్స్ వాయించే ఆయన్ని ఎన్నిసార్లు అడిగిందో!"

"నన్నే అడగొచ్చుగా అమ్మా?"

"మీరు నవ్వుతారని అడగలేదండీ."

నిజమే, నవ్వేవాణ్ణి. స్పీకరు అటు పెట్టడానికి కావలసింది కాస్త పొడవాటి వైరు, అంతే. మీ ఇంట్లోవాళ్ళు మీ గురించి పక్కవాళ్ళను ఏమడుగుతున్నారో మీకు తెలుసా?

రేపు ఉదయం అందరికంటే ముందు వెళ్ళి, స్పీకరు ఆడవాళ్ళ వైపు పెడతాను.