మూడో బొమ్మ

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళింట పురుడొచ్చిందంటే ముందు మంత్రసానికి కబురెళ్ళేది, ఆ వెనకే రమణమ్మకి. మంత్రసాని పని ఒక్క పూటతో తీరిపోతుంది. రమణమ్మది నెలల తరబడి సాగే పని. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, కాళ్ళ మీద పసిగుడ్డును పడుకోబెట్టుకుని, మాడుకి ఆముదం పట్టించి, ఒంటికి నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసి తల్లి ఒళ్ళో పెట్టిందంటే, ఆ బిడ్డ మళ్ళీ ఆకలేస్తే తప్ప కళ్ళు తెరిచేది కాదు. ఆవిడ హస్తవాసి మంచిదని కాలనీ అంతా చెప్పుకునేవారు.

నీళ్ళు పోసే ఆడవాళ్ళందరూ పిల్లల ముక్కు లాగుతారు, గడ్డం నొక్కుతారు, తల గుండ్రంగా రావాలని వెనక నుంచి అరచేత్తో సవరిస్తారు. అందులో వింతేం లేదు. రమణమ్మ అక్కడితో ఆగేది కాదు. రెండు బొటనవేళ్ళూ కనుబొమల మీద ఆనించి నుదుటిని పైకి, ఇంకా పైకి, ఒత్తుకుంటూ పోయేది. పిల్ల గుక్కపట్టి ఏడ్చినా ఆపేది కాదు. నీళ్ళయ్యాక పాత పంచె చింపిన పట్టీ ఒకటి నుదుటికి బిగించి కట్టేది.

"నుదురు ఇశాలంగా ఉండాల. రేపు బడికెల్లే పిల్ల గదా" అనేది.

పాలు తాగడమే సరిగ్గా రాని దానికి అప్పుడే బడేమిటని బాలింతలు నవ్వేవారు. రమణమ్మ నవ్వేది కాదు. బడి అంటే ఏమిటో ఆవిడకి తెలుసు.

ఆవిడ తండ్రి పరదేశి విజయనగరం వైపు నుంచి వచ్చి లోకోషెడ్డులో ఖలాసీగా కుదిరాడు. ఫిట్టరు చేతికి పనిముట్లు అందించడం ఆయన ఉద్యోగం. తనకి అక్షరమ్ముక్క రాదు గనక కూతురికి రావాలని పట్టుబట్టి కాలనీ బడిలో వేశాడు. ఆ తరగతిలో ఆడపిల్లలు ఇద్దరే, రమణమ్మా పక్క క్వార్టరు సూరమ్మా. ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చునేవారు.

అది హర్తాళ్ళ కాలం. ఊళ్ళో పెద్ద బళ్ళ కుర్రాళ్ళు ఖద్దరు టోపీలు పెట్టుకుని క్లాసులు వదిలి బయటికొచ్చేస్తున్నారు. కనీసం చిన్నపిల్లలైనా చెయ్యి దాటిపోకూడదని పైవాళ్ళకి బెంగ పట్టుకున్నట్టుంది, ఆ ఏడు ప్రకృతి పాఠాల పుస్తకం కొత్తది దిగింది. అందులో ఆకులు, వేళ్ళు, కప్ప, వాన అన్నీ ఉన్నాయి. వాటి మధ్యన, ఏమీ ఎరగనట్టు, మనుషుల తలల పాఠం. పక్క నుంచి చూసినట్టు వరసగా మూడు బొమ్మలు. మొదటి బొమ్మకి గోడలాంటి నుదురు. అది ఏలే జాతి. రెండో దానికి నుదురు కాస్త వాలింది. అది లెక్కలు రాసే జాతి. మూడో బొమ్మకి నుదురు కనుబొమల దగ్గర్నుంచే వెనక్కి జారిపోయింది. అది మోసే జాతి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఎలాంటి నియమమో, మూడో తల మొదటి తలకి లోబడి ఉండడమూ అలాంటి నియమమేనని కింద అచ్చేశారు. కప్ప గురించి నిజం చెప్పిన పుస్తకం మనిషి గురించి అబద్ధం చెబుతుందని పిల్లలకెలా తోస్తుంది?

పాఠం చెప్పిన సూర్యారావు మాస్టారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పిల్లలు నమ్మేవారే కాదు. గ్రహణం పూట అన్నం తింటే ఏమీ కాదని పిల్లల ముందు తిని చూపించినవాడు. అలాంటివాడు, ఇన్‌స్పెక్టరు దొర తనిఖీకి వస్తున్నాడని తెలిసి, తలల పాఠాన్ని ప్రయోగం చేసి చూపించాలని సరదాపడ్డాడు. తల కొలవడానికి బడిలో పనిముట్టు లేదు. పరదేశిని అడిగాడు. పరదేశి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. షెడ్డులో ఇరుసుల మందం చూసే కేలిపరు, రెండు వంకర కాళ్ళ ఇనప సామాను, ఫిట్టరుని బతిమాలి తెచ్చాడు. కిరసనాయిలుతో తళతళలాడేలా తుడిచి, గుడ్డలో చుట్టి, కూతురి చేతికే ఇచ్చి పంపాడు.

తనిఖీ రోజున దొర కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు మూడు బొమ్మల సంగతీ గడగడా చెప్పి, ఉదాహరణ కోసం పిల్లల మీద చూపు తిప్పాడు. "రమణా, ఇలా రామ్మా" అన్నాడు, ముద్దుగానే. పక్కకి తిరిగి నిలబడమన్నాడు. ఇనుము చల్లగా కణతలకి తగిలింది. షెడ్డు వాసన వేసింది. అది నాన్న ఒంటి వాసన. మాస్టారు సుద్దముక్కతో ఆ పిల్ల నుదుటి మీద కనుబొమల నుంచి జుట్టు దాకా గీత గీసి, ఎంత వాలిందో దొరకి చూపించాడు.

"మూడో బొమ్మ" అన్నాడు.

దొర తలాడించాడు. పిల్లలంతా నిజమే సుమా అన్నట్టు చూశారు. రమణమ్మకి ఏడుపు రాలేదు. పాఠం బాగా అర్థమైంది, అదే వచ్చిన చిక్కు.

ఇంటికెళితే పరదేశి వీధిలో అందరికీ బతాసాలు పంచిపెడుతున్నాడు. "దొరగారి ముందర నా కూతుర్నే నిలబెట్టినారంట!" అంటున్నాడు. ఆయన సంతోషం చూశాక ఆమె బడిలో జరిగింది చెప్పకుండా తనూ ఒక బతాసా తీసుకుంది. మర్నాటి నుంచి బడిలో ఆమె పేరు మూడో బొమ్మ అయిపోయింది. అది ఓర్చుకుంది. లెక్క తప్పు చేస్తే మాస్టారు ఇదివరకటిలా కసురుకోకుండా, జాలిగా, "పోనీలే, నీ తప్పు కాదు" అనడం మొదలెట్టాడు. ఆ జాలి ఓర్చుకోలేక బడి మానేసింది.

పెళ్ళయింది. మొగుడు నూకరాజు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, కొన్నాళ్ళు తిల్దా స్టేషన్లో చేసి మళ్ళీ రాయ్‌పూర్ వచ్చాడు. పిల్లలకి నీళ్ళు పోయడం ఆవిడ అత్త దగ్గర నేర్చుకుంది. ఏళ్ళు గడిచినా సుద్ద గీత నుదుటి మీదే ఉన్నట్టుండేది. మొహం కడుక్కున్నప్పుడల్లా అక్కడ రుద్దుకునేది. జుట్టు ముందుకి లాగి దువ్వుకునేది. గోల్‌బజారుకి కూరలకి వెళితే, బుట్టల వెనక కూర్చున్న ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళ మొహాలు ఆవిడకి కనబడేవి కావు. మూడో బొమ్మ, రెండో బొమ్మ, మళ్ళీ మూడో బొమ్మ అని లోపల ఎవరో చెబుతూ పోయేవారు. ఆ గొంతు సూర్యారావు మాస్టారిది. ఆయన ఏనాడో పోయాడు. గొంతు పోలేదు. కన్నకూతురు పార్వతమ్మని మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు కూడా ముందు పక్కకి తిప్పి చూసుకుంది. అలా చూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా చూసింది.

ఎముక లేతగా ఉన్నప్పుడే నుదురు నిలబెట్టేస్తే, ఇంకే మాస్టారూ ఈ పిల్లని లేపి నిలబెట్టలేడు. ఆవిడ ఒత్తుడు వెనక ఉన్న ఆలోచన ఇంతే. అది ప్రేమ కాదని ఎవరూ అనలేరు.

సూరమ్మ కూడా ఆ కాలనీలోనే బంగారయ్య అనే గార్డుని చేసుకుంది. ఆమెకి లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. రమణమ్మ పిల్లని పక్కకి తిప్పి చూసింది, మూడో బొమ్మే. ఆ నుదురు మీద మరీ శ్రద్ధ పెట్టింది. నెల తిరక్కుండానే పిల్ల మూర్ఛలొచ్చి పోయింది. బాలగ్రహమన్నారు, దిష్టి అన్నారు. సూరమ్మ ఏమీ అనలేదు. ఆ తరవాత ఆమె కడుపు పండలేదు.

స్వరాజ్యం వచ్చింది. బడి మీద కొత్త జెండా ఎగిరింది. ఆ పుస్తకం అంతకు ఎంతో ముందే మూలపడింది, ఇప్పుడక్కడ ఎవర్నడిగినా మూడు బొమ్మల ఊసే తెలీదు. పాఠం మాత్రం ఆముదం గిన్నె పట్టుకుని క్వార్టరు క్వార్టరుకీ తిరుగుతూనే ఉంది.

పార్వతమ్మ తొలికాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. మనవరాలిది అచ్చం అమ్మమ్మ నుదురు. రమణమ్మకి నిద్ర పట్టలేదు. ఊరందరి పిల్లలకీ ఒక ఎత్తు ఒత్తితే ఈ పిల్లకి రెండెత్తులు ఒత్తింది.

"సాల్లేమ్మా, బిడ్డ ఏడుత్తున్నాది" అని పార్వతమ్మ బతిమాలేది.

"ఇప్పుడేడిత్తే ఏటైపోనాది? రేపు బళ్ళో ఏడవకుండా ఉంటాది."

ఒక ఉదయం చేతి కింద ఏడుపు ఠక్కున ఆగింది. నిద్రపోయిందనుకుంది రమణమ్మ. పిడికిళ్ళు బిగుసుకోవడం, కళ్ళు పైకి పోవడం చూశాక పార్వతమ్మని కేకేసింది. ఈ వరస ఆవిడ ఇదివరకు విన్నదే, సూరమ్మ ఇంట్లో. తడి తువ్వాల్లోనే చుట్టి రిక్షాలో రైల్వే ఆసుపత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ మరాఠీ ఆవిడ. పిల్ల నుదుటి మీద కమిలిన చోటు చూసింది. "మాథా కౌన్ దబాతా హై?" అని గద్దించింది. ఒత్తేది ఎవరంటే రమణమ్మ చెయ్యెత్తింది, తరగతిలో ఎత్తినట్టు. డాక్టరమ్మ హిందీలో చెడామడా తిట్టింది. పసిపిల్ల తల ఎముకలు ఇంకా అతుక్కోవని, వాటి కింద ఉన్నది మెదడని, తల ఎలా రావాలో అలాగే వస్తుంది తప్ప మన ఒత్తుడు దానికి లెక్కలేదని చెప్పింది. నుదుటికీ తెలివికీ ఏ సంబంధమూ లేదంది.

"ఇదంతా నీకు నేర్పిన ముసలమ్మ ఎవరు?"

"ముసలమ్మ కాదు బాయీ. బళ్ళో చెప్పారు, సైన్సు పాఠంలో" అంది రమణమ్మ తనకొచ్చిన హిందీలో.

డాక్టరమ్మ ఆవిడ మొహం వంక, తరవాత నుదురు వంక చూసింది.

"బాయీ, అలా ఒత్తితే పిల్లలు చచ్చిపోతారా?"

"పోవచ్చు. దానివల్లేనని ప్రతిసారీ చెప్పలేం."

మనవరాలు బతికింది. మెల్లగా పాలు తాగడం మొదలెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే పార్వతమ్మ, "అమ్మా, ఇంక నా పిల్లని ముట్టుకోకు" అంది. న్యాయమే కదా అనుకుంది రమణమ్మ. గుమ్మంలో కూర్చుని, రైలుకట్ట పక్కన ఆడుకుంటున్న పిల్లల్ని చూసింది. అందరూ తన కాళ్ళ మీద పెరిగినవాళ్ళే. ఒక్క నుదురూ ఆవిడ మాట వినలేదు. ఎవరి తల వాళ్ళకే ఉంది. మాస్టారు ఆ పాఠం ఒక్కనాడు చెప్పి ఊరుకున్నాడు. తను మాత్రం ఇన్నేళ్ళూ మాట రాని పసివాళ్ళకి రోజూ చెప్పింది. ఆ ఆలోచన రాగానే ఆవిడకి కూర్చున్నచోట కూర్చోవడం చేతకాలేదు. లేచి సూరమ్మ ఇంటికి వెళ్ళింది.

సూరమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రమణమ్మ నిలబడే అంతా చెప్పేసింది. డాక్టరమ్మ ఏమందో చెప్పింది, తను ఏమడిగిందో చెప్పింది.

"నీ పిల్లని నానే ఒత్తినాను, సూరీ. అందుకే పోనాదేమో" అంది.

సూరమ్మ తలెత్తలేదు. "కూకో" అంది.

కూర్చున్నాక, చేటలో వేళ్ళు ఆడిస్తూనే మాట్లాడింది. "ఆ దినం మాస్టారు ముందు నా కేసే సూసినారు రమణా. నా నుదురూ అంతే గదా. నాను పలకెత్తి మొకానికి అడ్డం ఎట్టేసుకున్నాను. అప్పుడు నిన్ను పిలిసినారు."

రమణమ్మ చెయ్యి తన నుదుటి మీదికి వెళ్ళింది.

"నా పిల్ల పుట్టగానే సూసుకున్నాను. నువ్వెందుకు ఒత్తుతున్నావో నాకు ఇడమర్సి సెప్పాలేటి? నువ్వొత్తింది సాలదేమోనని బయమేసింది. పొద్దున్న నువ్వు నీల్లోసి ఎల్లిపోయేదానివి. మద్దేనం నాను తలుపేసుకుని ఒత్తీదాన్ని. పొద్దుగూకినాక మల్లీ. పోయిన దినమూ ఒత్తినాను."

"ఇన్నేల్లూ నాతో ఒక్క ముక్క సెప్పలేదేటే?"

"ఏటని సెప్పను? నీ సేతులే అని ఒకరోజు అనుకుంటాను, నా సేతులే అని ఒకరోజు. నీయి అనుకున్న రోజున రెండు ముద్దలు దిగుతాయి. నాయి అనుకున్న రోజున దిగవు."

రమణమ్మ ఆమె చేతిలోంచి చేట తీసుకుని పక్కన పెట్టింది. సూరమ్మ చిక్కి సగమైపోయిందని ఎన్నో ఏళ్ళుగా చూస్తూనే ఉంది, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"నా సేతులే సూరీ" అంది. "డాట్రమ్మ సెప్పినాది గదా. నీయి కాదు, నాయే. లే, లేసి అన్నం తిను."