విజ్ఞానకోశానికి కత్తెర వేసిన మా బావమరిది

మా ఆవిడ తమ్ముడు విజ్ఞానకోశం కార్యాలయంలో ఉద్యోగ విరమణ చేస్తున్నాడు. ఆ సందర్భంగా వేసే సంచికకు అతని జీవితం రాయమని అక్కడివారు నన్నడిగారు. అడగవలసినవాణ్నే అడిగారు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే అయినా, ఆ సంపుటాలన్నీ అచ్చయింది నా చేతుల మీదే. చరిత్ర, కళలు, మహనీయుల జీవితాలు, యంత్రాలు, ఎక్కడా సిరా మరక లేదు. పండితులు అచ్చుమిషను దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. ఒక్క ఫారం మాత్రం, అంటే ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీలు, నేను వేయలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

మా బావమరిదిని అందరూ కత్తెర అంటారు. పండితుల వ్యాసాలను పేజీకి సరిపడా కోయడం అతని పని. చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి. మా పెళ్లిలో నన్ను పొగుడుతున్న పెద్దాయన్ని కూడా "అసలు సంగతి చెప్పండి" అని మధ్యలోనే కూర్చోబెట్టాడు. పనిమంతుడే, కాదనను. అతను కోసిన చోట అతుకు కనపడదు. మనిషి మాయమైనా కనపడదు.

నాకు అచ్చుపని నేర్పిన గురువు మా పెద్దమేస్త్రి. మిషనులోకి కాగితాలు రెండేసి కలిసిపోయి పనివాళ్ల ప్రాణం తీస్తున్న రోజుల్లో, పై కాగితాన్ని ఒక్కదాన్నే విడదీసే ఇనుపవేలు చేసింది ఆయనే. చుట్టుపక్కల ప్రెస్సులన్నీ చూసి చేయించుకున్నాయి. ఆయన పేరు ఒక్కరూ చెప్పలేదు. ఆయన పోయాక యంత్రాల సంపుటానికి ఆయన జీవితం నేనే రాసిచ్చాను. సంపాదకులు ఒప్పుకున్నారు. మేస్త్రి భార్యను నేను పిన్నమ్మా అని పిలుస్తాను. వెళ్లి ఆమెకు ఆ మాట చెప్పొచ్చాను.

ఫారం మిషనెక్కింది. మొదటి కాగితం తీసి చూస్తే బొమ్మతో సహా ఇనుపవేలు ఉంది. చేసినవాడు లేడు. మిషను ఆపేశాను. కత్తెర పరుగున వచ్చాడు.

"ఏమైంది బావా?"

"మేస్త్రి ఏడిరా?"

"చోటు చాల్లేదు. వస్తువు ఉందిగా, మనిషెందుకు?"

"ఇదే ఫారంలో గడియారాలు పోగేసిన రాజుగారి కుక్క పేరుకు చోటెక్కడిదిరా?"

"కుక్క రాజుగారిది బావా. నీ మేస్త్రి ఎవరి తాలూకు?"

"నా తాలూకు!"

"అయితే నీ ఇంట్లో పటం కట్టించుకో. ఫారానికి పదహారు పేజీలే. పదిహేడోది నీ నెత్తిన వేయనా?"

మిషను ముట్టనన్నాను. అవతలి షిఫ్టువాణ్ని పిలిపించి నడిపించాడు. ఇనుపవేలు ఒక్కొక్క కాగితాన్నే చక్కగా విడదీసి పంపింది. మేస్త్రి పనితోనే మేస్త్రి లేని పుస్తకం అచ్చయింది.

పిన్నమ్మకు నువ్వే వెళ్లి చెప్పుకోమన్నాను. వెళ్లలేదు. అప్పటి నుంచి అతని ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఎంతైనా నా తమ్ముడు కదండీ" అంటుంది మా ఆవిడ. ఆమె తమ్ముడు, ఆమె వెళ్తుంది.

పిన్నమ్మ ఇంకా ఉంది. ఈ సంచిక ఆమెకు నేనే చదివి వినిపిస్తాను. చివరి పనిగా దీన్ని కూడా కత్తెరే కోస్తున్నాడట. అందుకే చెబుతున్నాను. ఒరే, చోటు చాలకపోతే నీ గురించి రాసిందంతా తీసెయ్. మేస్త్రి పేరా మీద చెయ్యి పడిందో, నీ సన్మానం రోజున వేదికెక్కి ఆ పేరా నేనే చదువుతాను. అక్కడ నన్ను మధ్యలో కూర్చోబెట్టు చూద్దాం.