నురుగు కక్కిన బండ

మొన్న మీర్‌పేట్‌లో మా మనవరాలి వంటింట్లో నిమ్మకాయ కోస్తుంటే రసం కాస్త నేల మీద ఒలికింది. తుడుద్దామని గుడ్డ చేతిలోకి తీసుకుని కూడా, ఊపిరి బిగబట్టి ఆ తడి వైపే చూస్తూ ఉండిపోయాను. ఏమీ కాలేదు. అది టైల్స్ నేల.

నా ఈడు వాళ్లకు షాబాదు బండలు పరిచిన ఇళ్లు గుర్తుండే ఉంటాయి. నిజాం కాలంలో, ఇబ్రహీంపట్నంలోని మా ఇంటి నడవా నిండా అవే ఉండేవి. బూడిద రంగువి, అంచున చూస్తే రొట్టెల దొంతరలా పొర మీద పొర. అన్న పట్నం నుంచి తెచ్చుకున్న భూగోళం పుస్తకాన్ని నేను గాదె చాటున కూర్చుని చదివేదాన్ని. అలాంటి బండలు ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న సున్నపు బురద అనీ, నల్లరాళ్లు భూమి కడుపులోంచి నిప్పై పొంగి చల్లారినవనీ అందులో ఉంది. అది చదివినప్పటి నుంచి, ఆ నేల మీద పడుకుంటే నా పైన నీళ్లు కదులుతున్నట్టే అనిపించి కళ్లు తెరవడానికి భయపడేదాన్ని.

ఆ ఏడే అన్నకు పెళ్లయింది. వదినది వికారాబాద్ వైపు పల్లె, అక్కడ ఎటు చూసినా నల్లరాయే. కాళ్లు రుద్దుకోవడానికని ఒళ్లంతా సన్నని రంధ్రాలున్న పిడికెడంత నల్లరాయిని వెంట తెచ్చుకుంది. నీళ్లలో వేస్తే అది బుడగలు వదులుతూ బుసబుసమనేది. వదిన దాన్ని చెవికి ఆనించుకుని గంటలకొద్దీ కూర్చునేది, పిలిచినా పలికేది కాదు. గాలి సోకిందని మా పెద్దమ్మ తేల్చేసింది. దిష్టి తీసి చూసి, గుణం కనిపించకపోతే తల్లిగారింటికి పంపేయాలనుకున్నారు. అలా పంపిన పిల్లను తిరిగి తెచ్చుకున్న ఇల్లు మా వాడకట్టులో ఒక్కటీ లేదు. అన్న తల వంచుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం వదినను నడవాలో నిలబెట్టి, పెద్దమ్మ నిమ్మకాయ తిప్పి, కోసి, ఒక చెక్కను ఆమె కాళ్ల దగ్గర పిండింది. రసం పడ్డచోట బండ సన్నగా చిటపటమంటూ తెల్లని నురుగు కక్కింది. అందరం వెనక్కి జరిగాం. వదిన మాత్రం కిందికి చూసి నవ్వింది.

"సూసిండ్రా? లోపలున్నది కక్కుతున్నది. బండి కట్టుండ్రి," అన్నది పెద్దమ్మ.

పెద్దల ఎదుట నోరు విప్పి ఎరగనిదాన్ని. ముందు చేతులే కదిలాయి. రెండో చెక్క తీసుకుని వదిన చేతిలోని నల్లరాయి మీద కాస్త పిండాను; ఊరికే తడిసింది. మిగిలింది పెద్దమ్మ కాళ్ల దగ్గర పిండాను. నురుగు లేచింది.

"పెద్దమ్మా, నీ కాళ్లకాడ గూడ కక్కుతున్నది."

పెద్దమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గడప దాటింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పులుపు తగిలితే సున్నం పొంగుతుందని, తానే కనిపెట్టినట్టు, అన్న ఆ పూటంతా అందరికీ చెప్పాడు. బండి కట్టలేదు.

సాయంత్రం వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాయిని నా చెవికి ఆనించింది.

"ఇను జర. మా ఊరు మాట్లాడుతది."

రంధ్రాల్లోంచి గాలి వెళ్లే చప్పుడేనని పుస్తకం చదివిన బుద్ధి చెబుతూనే ఉంది. లోపల ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నారు. రాయి ఎప్పుడో ఆరిపోయింది. ఎండుగా, వెచ్చగా ఉంది.

వదిన మా ఇంట్లోనే ముసలిదై పోయింది. నిమ్మరసం తగిలి, కడిగినప్పుడల్లా తెల్లమచ్చలు తేలే ఆ రెండు బండలు ఇల్లు పడగొట్టాక ఏ పునాదిలో కలిశాయో, నల్లరాయి ఎవరి చేతికి పోయిందో తెలియదు. ఇప్పటి నేలలు నున్నగా ఉంటాయి, మచ్చ పడనివ్వవు, తమ మీద ఎవరు నిలబడ్డారో గుర్తుంచుకోవు. ఏం వింటున్నవ్ అమ్మమ్మా అని మనవరాలు భుజం తట్టేదాకా, నేను మోకాళ్ల మీద కూర్చుని నేలకు చెవి ఆనించి ఉన్నానని నాకే తెలియలేదు.